పోలిక ఎక్కడుంటుంది?

పెన్సిల్‌తో మనుషుల బొమ్మలు గీసేవాళ్ళకి ఈ మాట పడక తప్పదు: "కళ్ళు బానే ఉన్నాయండీ, ముక్కూ బానే ఉంది గానీ, మా నాన్నగారి పోలిక రాలేదండీ. ఎక్కడో తేడా కొడుతోంది." ఎక్కడో చెప్పమంటే చెప్పలేరు. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూస్తారు, పక్కనున్నావిడకి చూపిస్తారు. ఆవిడా అదే అంటుంది. విచిత్రమేమిటంటే, అలా తీర్పు చెప్పేవాళ్ళలో చాలామంది జన్మలో ఒక్క బొమ్మ గీసి ఎరగరు.

కోనసీమలోని ఉప్పలగుప్తంలో ఇంటరు చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. స్నేహితురాలి పుట్టినరోజుకి బొమ్మ గీసి, అమలాపురంలో ఫ్రేము కట్టించి ఇవ్వాలని ఆ పిల్ల సంకల్పం. ఫోన్లో ఫోటో పెట్టుకుని, తుడిచీ గీసీ తుడిచీ గీసీ ఎలాగో పూర్తిచేసింది. పోలిక రాలేదు. మర్నాడు ఉసూరుమంటూ అరుగు మీద పడుకున్న తమ కుక్కని గీసింది. చూసినవాళ్ళందరూ "ఆయ్, అచ్చు గుద్దినట్టు దింపేశావే!" అన్నారు. అదే చెయ్యి, అదే నటరాజ్ పెన్సిలు, అదే తెల్లకాగితం. చెయ్యి తిరగకపోవడమే లోపమైతే కుక్క మాత్రం ఎలా కుదిరింది?

కాబట్టి లోపం చేతిలో లేదు. 1997లో డేల్ కోహెన్, సూసన్ బెనెట్ అనే మనోవిజ్ఞానులు సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నారు: చాలామంది తాము చూస్తున్నదాన్ని ఎందుకు గీయలేరు? చెయ్యి వణకడం, పెన్సిల్ జారడం లాంటివన్నీ ఒక్కొక్కటిగా పక్కనపెట్టుకుంటూ వచ్చాక వాళ్ళు తేల్చింది, గీతలో తప్పు చాలామటుకు చూపులోనే మొదలవుతుందని.

మొహాన్ని విడదీసి చూడలేం

పుట్టి రోజైనా గడవని పసిగుడ్డు ముందు ఒక అట్టముక్క కదిలిస్తే, దాని మీద కళ్ళు, ముక్కు, నోరు ఉండాల్సిన చోట ఉంటే, చూపుతో దాని వెంట పడుతుంది. అవే గుర్తులు చిందరవందరగా ఉంటే అంతగా పట్టించుకోదు. మొహాల మీద మన ఆసక్తి ఎవరో నేర్పగా వచ్చింది కాదు.

మెదడు అడుగుభాగంలో, ముఖ్యంగా కుడివైపున, మొహం కనబడగానే చురుగ్గా పనిలోకి దిగే చిన్న ప్రాంతం ఒకటుంది. నాన్సీ కన్విషర్ బృందం 1997లో దాన్ని స్కానర్‌తో స్పష్టంగా గుర్తించి, ఫ్యూసిఫార్మ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టింది. మనం దాన్ని మొహాల గది అనుకుందాం. అక్కడ దెబ్బ తగిలితే కొందరికి విచిత్రమైన ఇబ్బంది వస్తుంది. చూపు బాగానే ఉంటుంది, కుర్చీని కుర్చీ అంటారు, అరటిపండుని అరటిపండు అంటారు. కట్టుకున్న భార్య ఎదురుగా నిలబడితే మాత్రం, ఆవిడ నోరు విప్పేదాకా ఎవరో తెలియదు.

ఈ గది పనిచేసే పద్ధతే బొమ్మ గీసేవాళ్ళకి చిక్కు తెచ్చిపెడుతుంది. అది కళ్ళు వేరుగా, ముక్కు వేరుగా తీసుకుని లెక్క కట్టదు. మొత్తాన్ని ఒక్కసారిగా తీసుకుని, ఫలానావాళ్ళు అని తేల్చేస్తుంది. 1969లో రాబర్ట్ యిన్ ఇళ్ళ ఫోటోలు, విమానాల బొమ్మలు, మొహాలు తలకిందులు చేసి చూపించాడు. అన్నిటినీ గుర్తుపట్టడం కష్టమైంది గానీ, మొహాల విషయంలో దెబ్బ మరీ గట్టిగా తగిలింది. 1980లో ఇంగ్లండులో యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ థాంప్సన్ ఇంకో అడుగు వేశాడు. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ ఫోటో తీసుకుని, కళ్ళనీ నోటినీ మాత్రం కత్తిరించి తలకిందులుగా అతికించాడు. ఆ ఫోటో నిలువుగా చూస్తే రాక్షసిలా ఉంటుంది. ఫోటో మొత్తాన్ని తలకిందులు చేస్తే ఏమీ తేడా లేనట్టే, మామూలు మొహంలానే కనబడుతుంది. తలకిందులైన మొహం ముందు మొహాల గది సగం నిద్రపోతుందన్నమాట.

ఇప్పుడు ఆ నాన్నగారి బొమ్మ దగ్గరికి వద్దాం. చూసేవాళ్ళ మెదడు తీర్పు చెబుతుంది గానీ కారణాలు చెప్పదు. అవి ఆ గదిలోంచి బయటికి రావు. "ఎక్కడో తేడా" అనడం తెలియనితనమూ కాదు, తప్పించుకోవడమూ కాదు. వాళ్ళకి అందిన సమాచారం అంతవరకే.

గీసేవాళ్ళ మెదడులోనూ అదే గది ఉంది మరి. కన్ను చూడగానే "ఇది కన్ను" అని అది కేక పెడుతుంది. ఆ కేక విన్న చెయ్యి ఎదురుగా ఉన్న కన్నుని వదిలేసి, చిన్నప్పటినుంచీ గీస్తున్న బాదంకాయ కన్నుని గీసేస్తుంది. హంఫ్రీ ఓషన్ అనే బ్రిటిష్ చిత్రకారుడు 1990ల చివర్లో స్కానర్‌లో పడుకుని మొహాలు గీశాడు. గీయడం రాని మరొకరితో పోల్చి చూస్తే, ఆయన మొహాల గదిలో సందడి తక్కువగా ఉంది. నుదుటి వెనక భాగంలో, అంటే ఆలోచించి పోల్చుకునే చోట, ఎక్కువగా ఉంది. ఉన్నది ఇద్దరే కాబట్టి దీని మీద పెద్ద మేడలు కట్టకూడదు. అయినా చిత్రకారులు తరతరాలుగా శిష్యులకి చెప్పే మాటతో ఇది కుదురుతుంది: మొహాన్ని చూడకు, ఆకారాలు చూడు.

అమెరికాలో బెట్టీ ఎడ్వర్డ్స్ అనే టీచరు 1979లో రాసిన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన అభ్యాసం ఒకటి దీని మీదే నడుస్తుంది. ఫోటోని తలకిందులుగా పెట్టుకుని, గీసే బొమ్మ కూడా తలకిందులుగానే గీయాలి. అప్పుడు "కన్ను" కనబడదు. ఒక నల్లటి వంపు, పక్కన తెల్లటి ముక్కోణం, దానికింద బూడిదరంగు మడత, ఇవే కనబడతాయి. పూర్తయ్యాక నిలబెట్టి చూసుకుంటే అది తమ చెయ్యే గీసిందంటే చాలామందికి నమ్మకం కలగదు. మెదడు కుడిసగం ఎడమసగం అంటూ ఆ పుస్తకం చెప్పిన సిద్ధాంతాన్ని ఇవాళ ఎవరూ అంతగా నమ్మరు గానీ, అభ్యాసం మాత్రం పనిచేస్తుంది.

కొలతలో ఉంది కిటుకు

పోలిక అవయవాల్లో ఉండదు, వాటి మధ్య దూరాల్లో ఉంటుంది. కళ్ళు, ముక్కు, నోరు ఎంత అందంగా దిద్దినా, ముక్కుకీ పైపెదవికీ మధ్య జాగా నాలుగు మిల్లీమీటర్లు పెరిగితే నాన్నగారు కాస్తా బాబాయిగారు అవుతారు.

అందులోనూ కొత్తవాళ్ళందరూ ఒకేచోట తప్పుతారు. కళ్ళని పైకి ఎక్కించేస్తారు. పెద్దవాళ్ళ తలలో కళ్ళు సుమారుగా సరిగ్గా మధ్యలో ఉంటాయి. నడినెత్తి నుంచి కళ్ళ దాకా ఎంతో, కళ్ళ నుంచి గడ్డం దాకా అంతే. నమ్మకం లేకపోతే అద్దం ముందు స్కేలు పెట్టి చూసుకోండి. పసిపిల్లలకైతే కళ్ళు మధ్యగీత కంటే కిందికే ఉంటాయి. మనకి పనికొచ్చే సంగతులన్నీ, అంటే చూపు, నవ్వు, కోపం, మొహం కింది సగంలో జరుగుతాయి కాబట్టి నుదురునీ నెత్తినీ మనం ఖాళీ స్థలంగా వదిలేస్తాం. గీసేటప్పుడు ఆ ఖాళీ స్థలం కుంచించుకుపోతుంది.

చెయ్యి బారుగా చాపి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, బొటనవేలితో కొలత తీసుకోవడం సినిమాల్లో చూసే ఉంటారు. అది వేషం కాదు. మొహాల గదిని దాటవేసి, దూరాలని దూరాలుగా చూడటానికి అదొక ఉపాయం. చదరపు గళ్ళ పద్ధతీ అంతే. ఫోటో మీద గళ్ళు, కాగితం మీద అన్నే గళ్ళు, ఒక్కో గడిలో ఉన్న గీతల్ని ఇక్కడికి దించడం. పాతరోజుల్లో సినిమా హోర్డింగులు రాసిన ఆర్టిస్టులు అరచేతిలో పట్టే స్టిల్లుని ఇరవై అడుగుల ఎత్తుకి పెంచింది ఇలాగే. "గళ్ళు గీసుకుని వేశాడు, అదేం గొప్ప" అని చులకన చేసేవాళ్ళుంటారు. అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్ కథ వాళ్ళకి చెప్పాలి. 1940లో పుట్టి 2021లో పోయిన ఆయనకి మొహాలు గుర్తుపట్టలేని జబ్బు ఉండేది. అలాంటి మనిషి, గోడంత మొహాలు వేసి ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. ఫోటో మీద గళ్ళు గీసుకుని, గడి తర్వాత గడి నింపుకుంటూ పోయేవాడు. మొహాల గది సరిగా పనిచెయ్యకపోయినా పోలిక తేవచ్చని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మన గోదావరి జిల్లాలకి ఈ కొలత విద్య కొత్తదేమీ కాదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో బొమ్మ చూసి, అతను బొంబాయి జేజే స్కూల్లో చదువుకునేలా ప్రోత్సహించాడు. రామారావు 1925లో మశూచితో, ఇరవై ఎనిమిదో ఏటనే పోయాడు. రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీకి వెళ్ళేవాళ్ళు రంగుల చిత్రాల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ఆయన పెన్సిల్ అభ్యాసాలు చూడకుండా వెనక్కి రాకూడదు. రంగులు అద్దకముందు శరీరం తూకం ఎక్కడుందో వెతుక్కున్న చెయ్యి అక్కడ కనబడుతుంది.

అవయవాల్లో దేనికి ఎక్కువ విలువ? అందరూ కళ్ళంటారు. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో పవన్ సిన్హా అనే భారతీయ శాస్త్రవేత్త ఉన్నాడు. మనదేశంలో పుట్టుగుడ్డి పిల్లలకి చూపు తెప్పించే ప్రాజెక్ట్ ప్రకాశ్ నడిపేది ఆయనే. ఆయన బృందం 2003లో పేరున్నవాళ్ళ ఫోటోల్లో ఒకసారి కళ్ళు, ఒకసారి కనుబొమలు కంప్యూటర్లో చెరిపేసి జనానికి చూపించింది. కళ్ళు లేని మొహాల కంటే కనుబొమలు లేని మొహాల్నే గుర్తుపట్టలేకపోయారు! కనుబొమ నల్లగా, స్థిరంగా ఉంటుంది, దూరంనుంచైనా చెరిగిపోదు. కంటి రెప్పల మీద వెంట్రుక వెంట్రుకగా గంటసేపు కష్టపడి, కనుబొమల్ని మాత్రం రెండు కొడవళ్ళలా లాగిపారేసే పిల్లలందరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో మోసగత్తె సెల్ఫీ. ఇప్పుడు బొమ్మలన్నీ ఫోన్లో ఫోటో చూసే గీస్తున్నారు కాబట్టి ఇది ముఖ్యం. ఫోను మొహానికి అడుగు దూరంలో ఉన్నప్పుడు, ముక్కు చెవులకంటే కెమెరాకి చాలా దగ్గరగా ఉంటుంది. దగ్గరున్నది పెద్దగా పడుతుంది. అయిదడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, అడుగు దూరపు సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్క కట్టారు. ముక్కు బాగోలేదని సెల్ఫీ చూపించి ఆపరేషను అడిగేవాళ్ళు ఎక్కువై వాళ్ళీ లెక్క వేయాల్సొచ్చింది. ఆ సెల్ఫీని గళ్ళు గీసుకుని తు.చ. తప్పకుండా దించారనుకోండి, ముక్కు ఖచ్చితంగానే వస్తుంది, పోలిక మాత్రం రాదు. ఎవరి బొమ్మైనా గీయాలంటే అయిదారడుగుల దూరంలో నిలబడి ఇంకొకరు తీసిన ఫోటో అడగాలి.

ఖచ్చితంగా ఉంటేనే పోలిక వస్తుందనీ లేదు. అలాగైతే కార్టూనిస్టుల సంగతేమిటి? నరసాపురంలో పుట్టిన బాపు నాలుగు గీతల్లో మనిషిని నిలబెట్టేవాడు. అందులో కొలతలకి సరిపోయేది ఎంత? 1987లో గిలియన్ రోడ్స్, సూసన్ బ్రెనన్, సూసన్ కేరీ కంప్యూటర్‌తో ఒక పరీక్ష పెట్టారు. చాలా మొహాల సగటు తీసి, ఒక మనిషి ఆ సగటుకి ఎక్కడెక్కడ ఎడంగా ఉన్నాడో చూసి, ఆ ఎడాన్ని ఇంకాస్త పెంచి గీయించారు. తెలిసినవాళ్ళు ఆ వికటచిత్రాల్ని ఉన్నదున్నట్టు గీసినవాటికంటే త్వరగా గుర్తుపట్టారు. మనం మనుషుల్ని గుర్తుపెట్టుకునేది వాళ్ళు అందరిలా ఉన్నందుకు కాదు. కాబట్టి పెన్సిల్ పట్టేముందు ఈ మొహం నలుగురి మొహాలకి ఎక్కడ ఎడంగా ఉందో వెతకడం మంచిది. ఎడమ కనుబొమ కాస్త పైకుందా, పైపెదవి పల్చనా, చెవులు నిక్కపొడుచుకున్నాయా, అదీ ముందు పట్టుకోవాలి. ఆ చెవుల్ని మొహమాటానికి వెనక్కి నొక్కారా, మనిషి చేజారిపోతాడు.

నలుపు ఎలా అంటుకుంటుంది?

ఇక చేతిలో ఉన్న పనిముట్టు. పెన్సిల్ లోపలి నల్లటి పుల్ల గ్రాఫైట్, బంకమన్ను కలిపి కాల్చినది. గ్రాఫైట్ అంటే బొగ్గులోనూ వజ్రంలోనూ ఉండే కర్బనమే, అణువుల అమరిక వేరు. తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే రాళ్ళున్నాయి, మన మన్యం కొండల్లో గ్రాఫైట్ వాటిల్లోనే దొరుకుతుంది.

దాని అమరిక చెప్పాలంటే మన ఆత్రేయపురం దాకా వెళ్ళాలి. పూతరేకు విప్పి చూడండి. కాగితంకంటే పల్చటి రేకులు ఒకదాని మీద ఒకటి. ఏ రేకూ ఇంకోదానికి అతుక్కుపోయి ఉండదు, వేలితో తోస్తే జారుతుంది. గ్రాఫైట్‌లో కర్బనం అణువులు తేనెపట్టు గదుల్లా అల్లుకుని పొరలుగా ఉంటాయి. ఒక పొరలో పక్కపక్క అణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు. పొరకీ పొరకీ మధ్య 0.335 నానోమీటర్లు, అంటే రెండు రెట్లకి పైనే. పొర లోపలి బంధం గట్టిది, పొరల మధ్యది బలహీనం. కాగితం మీద పెన్సిల్ కదిలించగానే పైపొరలు రేకుల్లా జారి కాగితం నారల మీద ఉండిపోతాయి. పోలిక ఇక్కడితో సరి. పూతరేకు ముట్టుకుంటే విరుగుతుంది, గ్రాఫైట్ రేకు మాత్రం మనిషికి తెలిసిన అత్యంత బలమైన పదార్థాల్లో ఒకటి. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గీమ్, కాన్‌స్టాంటిన్ నొవోసెలోవ్ మామూలు అంటుటేపుతో ఒకే ఒక్క రేకుని ఒలిచి తీశారు. దానికే 2010లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకో ముచ్చట. గాలి లేనిచోట గ్రాఫైట్ ఇంత సాఫీగా జారదు. పొరల అంచుల్లో చేరే నీటి ఆవిరి కూడా ఆ జారుడుకి సాయపడుతుంది. కోనసీమలో ఆ ఆవిరికి కొదవేమీ లేదు.

పుల్లలో మన్ను ఎక్కువైతే గట్టి పెన్సిలు, గీత పల్చన. అది హెచ్ వరస. గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తన, గీత నల్లన. అది బి వరస. ఈ కలపడం కనిపెట్టినవాడు ఫ్రాన్సులో నికొలా జాక్ కాంటే, 1795లో. ఇంగ్లండుతో యుద్ధం వచ్చి, అక్కడి బారోడేల్ గనుల మేలిమి గ్రాఫైట్ అందక, ఉన్న నాసిరకం పొడిలో మన్ను కలిపి కొలిమిలో కాల్చాడు. బొమ్మలకి హెచ్‌బి, 2బి, 6బి మూడుంటే చాలు. డజను పెన్సిళ్ళ డబ్బా కొనిస్తే పిల్లలు సంతోషిస్తారు, అంతే తప్ప బొమ్మలో పెద్ద తేడా రాదు.

కాగితం పైకి నున్నగా ఉన్నా, భూతద్దంలో చూస్తే నారల చిక్కుముడి. గ్రాఫైట్ తునకలు ఆ నారల గరుకుకి పట్టుకుంటాయి. జుట్టు నల్లగా రావాలని హెచ్‌బి పెన్సిల్‌తో బలంగా నొక్కితే గరుకు అణిగిపోతుంది. తునకలు చదునుగా పడుకుని అద్దంలా మెరుస్తాయి. ట్యూబ్‌లైటు కింద పక్కనుంచి చూస్తే నలుపు కాస్తా వెండిలా కనబడేది అందుకే. నొక్కడం మాని, మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రెండుమూడు పొరలు వేస్తే నలుపు దిగుతుంది. తుడవడం కూడా ఈ గరుకుతో పేచీయే. 1770లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ రబ్బరు ముక్క పెన్సిల్ గీతల్ని బాగా చెరుపుతోందని రాసిపెట్టాడు. అంతకుముందు రొట్టెముక్కతో తుడిచేవారు. ఉత్త వేలితో రుద్ది షేడింగ్ చేస్తే వేలి జిడ్డు నారల్లోకి దిగుతుంది, ఇక ఆ మరక ఏ రబ్బరుకీ లొంగదు. టిష్యూ కాగితం చుట్టిన వేలు నయం.

వెలుగు పైనుంచి పడుతుందని

గుండ్రంగా సున్నా చుట్టి, పైభాగం తెల్లగా, కిందికి పోనుపోను నల్లగా షేడ్ చేస్తే ఉబ్బెత్తుగా కనబడుతుంది. కాగితాన్ని తలకిందులు చేయండి, అదే సున్నా గుంట అయిపోతుంది. తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ వి.ఎస్.రామచంద్రన్ 1988లో ఇలాంటి సున్నాలతో చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. సూర్యుడు ఒక్కడే, పైనే ఉంటాడు అన్న లెక్క మన చూపులో ఇంకిపోయి ఉంది. నీడ కింద ఉంటే ఉబ్బు, పైన ఉంటే గుంట. పెన్సిల్ షేడింగ్ అంతా ఆ నమ్మకాన్ని వాడుకోవడమే. ముక్కుకి గీత అవసరం లేదు, దాని కింద నీడ సరిగా పడితే ముక్కు తనంతట తనే లేస్తుంది. ముక్కుకి రెండుపక్కలా నిలువుగీతలు గీసేస్తే వచ్చేది ముక్కు కాదు, గొట్టం.

ఇక రంగు. మనదగ్గర బొమ్మలు గీసేవాళ్ళకి తరచూ వినబడే ఇంకో మాట "కాస్త తెల్లగా వెయ్యమ్మా". ముఖ్యంగా పెళ్ళికి ఇచ్చే బొమ్మలకి. మొహాన్ని కాగితం తెలుపుకే వదిలేసి కళ్ళూ పెదాలూ దిద్ది ఇస్తారు. పోలిక పోవడానికి ఇదొక పెద్ద కారణం అంటాను. ఎందుకంటే మనం చూసేది ఒక్కో చోటి నలుపుని కాదు, పక్కపక్క వాటి మధ్య తేడాని. ఎంఐటీలోనే ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో ఒక చదరంగం బల్ల బొమ్మ వేశాడు. నీడలో ఉన్న తెల్లగడి, వెలుగులో ఉన్న నల్లగడి రెండూ నిజానికి ఒకే బూడిదరంగు. ఎంతసేపు చూసినా కన్ను ఒప్పుకోదు. కాబట్టి చామనఛాయ మొహాన్ని చూపడానికి మొహమంతా నలుపు రుద్దక్కర్లేదు. నుదుటి మీదా, బుగ్గ ఎముక మీదా, ముక్కు కొన మీదా వెలుగు తళుకు తెల్లగా ఉంచి, దాని చుట్టూ మధ్యరకం బూడిద పరిచి, గడ్డం కింద గాఢంగా దిగితే చాలు. నల్లటి చర్మం మీద తళుకు చిన్నదిగా, చురుగ్గా ఉంటుంది. అందుకే గీయడానికి అది ఎంతో బాగుంటుంది. తెలుపు చెయ్యబోతే ఆ తళుకు చుట్టూ ఉన్న బూడిదే పోతుంది, దాంతో ఎముక పోతుంది, మనిషి పోతాడు.

కుక్క, పిల్లి, గేదె

మన కుక్క బొమ్మ ఎందుకంత తేలిగ్గా పాసైంది? చూసినవాళ్ళ మొహాల గది కుక్కల మీద అంత పట్టుదల చూపించదు. మూతి రెండు మిల్లీమీటర్లు సాగినా వాళ్ళకి ఆ కుక్కే. మరి రోజూ అన్నం పెట్టే ఇంటివాళ్ళకి? 1986లో రియా డైమండ్, సూసన్ కేరీ కుక్కల పోటీల్లో తీర్పు చెప్పే అనుభవజ్ఞులకి కుక్కల ఫోటోలు తలకిందులుగా చూపించారు. మనుషుల మొహాలకి తగిలే దెబ్బే వాళ్ళకి కుక్కల విషయంలోనూ తగిలింది. అంటే ఏళ్ళతరబడి చూస్తే కుక్కా మనిషంతే అవుతుందన్నమాట. 2007లో వేరేవాళ్ళు మళ్ళీ పరీక్షిస్తే ఆ ఫలితం రాలేదు. వాదన తెగలేదు. ఇంకోవైపు గొర్రెల్ని చూడండి, మనకన్నీ ఒకేలా ఉంటాయి. ఇంగ్లండులో కీత్ కెండ్రిక్ బృందం 2001లో ప్రకటించిన ప్రకారం గొర్రెలు తోటి గొర్రెల మొహాలు యాభై దాకా రెండేళ్ళపాటు గుర్తుపెట్టుకుంటాయి.

జంతువుల్ని గీసేటప్పుడు పోలిక మూడు చోట్ల దాక్కుంటుంది. మొదటిది కన్ను. మన కంట్లో తెల్లగుడ్డు బాగా బయటికి కనబడుతుంది, ఎటు చూస్తున్నామో ఎదుటివాళ్ళకి తెలిసిపోతుంది. కుక్క కంట్లో తెలుపు మామూలుగా కనబడదు. అలవాటుకొద్దీ అటూఇటూ తెల్ల ముక్కోణాలు వదిలితే కుక్క మొహంలో మనిషి భయంగా చూస్తున్నట్టు ఉంటుంది. పిల్లి కంటిపాప పగటి వెలుగులో నిలువు చీలిక. గేదె, ఆవు, మేకలది అడ్డంగా సాగిన పాప. 2015లో మార్టిన్ బ్యాంక్స్ బృందం 214 జాతుల నేలజంతువుల్ని పరిశీలించి దీనికి కారణం చెప్పింది. నేలకి దగ్గరగా పొంచి దూకే వేటజంతువులకి నిలువు పాప దూరం అంచనా కట్టడానికి పనికొస్తుంది. మేసే జంతువులకి అడ్డపాప నేలంతా బారుగా చూపిస్తుంది, ఎటునుంచి ఏది వస్తున్నా తెలిసేలా. మేక తల వంచి మేసేటప్పుడు కళ్ళు లోపలే తిరిగి ఆ పాప నేలకి సమాంతరంగానే ఉంటుంది. కాబట్టి గడ్డి మేసే మేకని గీస్తే, తల వంగినా పాప వంగకూడదు.

రెండోది కుక్క చూపులోని జాలి. బొచ్చు మాటున లోపలి కనుబొమని పైకెత్తే చిన్న కండరం ఒకటి కుక్కలకి బలంగా ఉంటుంది, తోడేళ్ళకి దాదాపు ఉండదు. జూలియన్ కమిన్‌స్కీ బృందం 2019లో కోసి చూసి చెప్పిన సంగతి ఇది. వేల ఏళ్ళుగా మన పక్కన బతుకుతూ, మనల్ని కరిగించే చూపు ఉన్న కుక్కలకే అన్నం ఎక్కువ దొరికిందేమో. పెన్సిల్ పట్టినవాళ్ళకి దీని అర్థం ఒక్కటే: కంటికి పైన, లోపలి మూల దగ్గర బొచ్చు చిన్న గుట్టలా లేస్తుంది, దాని కింద చిన్న నీడ పడుతుంది. ఆ నీడ వేస్తే కుక్క అన్నం అడుగుతున్నట్టుంటుంది, మర్చిపోతే అట్టబొమ్మలా ఉంటుంది.

మూడోది ముక్కు. కుక్క ముక్కు గీయడమంటే నల్లటి గుండ్రం పూయడం కాదు. తడిగా ఉంటుంది కాబట్టి పైఅంచున కిటికీ వెలుగు విరిగి, చుక్కలు చుక్కలుగా పడుతుంది. చర్మం నున్నగా ఉండదు, చిన్నచిన్న గడ్డలుగా ఉంటుంది. ఒక్కో గడ్డకీ పైన తెల్ల చుక్క, పక్కన సన్నటి నల్ల చాలు. రంధ్రాలు గుండ్రంగా ఉండవు, బయటివైపు చీలికలా తిరుగుతాయి. పశువుల ముక్కు మీద ఈ గడ్డల అమరిక మన వేలిముద్రల్లాగే ఏ పశువుకాపశువుకి వేరు. పశువుల్ని గుర్తించడానికి దాన్ని ముద్ర తీసి వాడతారు కూడా. ముక్కు శ్రద్ధగా గీస్తే, ఇంటివాళ్ళకి కారణం తెలియకుండానే "మాదే" అనిపిస్తుంది.

బొచ్చు గురించి ఒక్క మాట. వెంట్రుకలు ఒక్కొక్కటే గీయడం ఒళ్ళు హూనం చేసుకోవడమే. బొచ్చు ఎటు పడుకుందో చూసి, పెన్సిల్ దెబ్బ అటే వేస్తూ, నీడలున్న చోట్ల మాత్రం గుత్తులుగా గీస్తే మిగిలింది కన్నే పూరించుకుంటుంది.

ఉప్పుగాలిలో కాగితం

అమలాపురంలో కోనసీమ చిత్రకళా పరిషత్తు పెట్టే పోటీల్లాంటివాటికి పంపినా, ఇంట్లో గోడకి తగిలించినా, బొమ్మ నిలవాలి కదా. గ్రాఫైట్‌కి ఢోకా లేదు. ఎండకి వెలిసిపోదు, తడికి కరగదు. పాడయ్యేది కాగితం. చౌకరకం కాగితంలో చెక్కగుజ్జుతోపాటు వచ్చే లిగ్నిన్ వెలుతురుకీ గాలికీ పసుపు తిరుగుతుంది, ఆమ్లం నారల్ని పెళుసు చేస్తుంది. డ్రాయింగ్ కాగితం కొనేటప్పుడు ఆమ్లరహితం అని రాసి ఉన్నది అడగడం అందుకే.

కోనసీమ తీరాన ఎస్.యానాం సముద్రం మీదనుంచి వచ్చే గాలి, చుట్టూ రొయ్యల చెరువులు, కొబ్బరితోటల నీడ, ఇన్నిటి మధ్య కాగితం ఎప్పుడూ కొంత నీళ్ళు తాగుతూనే ఉంటుంది. వర్షాకాలంలో తాగి ఉబ్బుతుంది, వేసవిలో కక్కి ముడుచుకుంటుంది. అలా అలలు తేలుతుంది, గోధుమరంగు బూజు చుక్కలు వస్తాయి. అద్దానికి కాగితం నేరుగా ఆనకూడదు, ఆవిరి పట్టి అంటుకుపోతుంది. పాత ఫోటోల్ని అద్దంలోంచి తీయబోతే మొహం అద్దానికే ఉండిపోవడం చాలా ఇళ్ళల్లో చూసేదే. ఫోటో మీది జిలాటిన్ పొర తడికి జిగురవుతుంది. ఫ్రేము కట్టేవాళ్ళతో అద్దానికీ బొమ్మకీ మధ్య అట్ట చట్రం పెట్టమని చెప్పాలి. మౌంటు అంటే వాళ్ళకి తెలుస్తుంది. లామినేషను చేయిస్తే వేడికి ప్లాస్టిక్ జిగురు కరిగి నారల్లోకి దిగుతుంది, ఇక దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. గ్రాఫైట్ చెరగకుండా ఫిక్సేటివ్ స్ప్రే పల్చగా ఒకటి రెండు సార్లు కొట్టుకోవచ్చు. దానికి బదులు ఇంట్లో ఉన్న హెయిర్ స్ప్రే కొడితే కొన్నాళ్ళకి పసుపు తిరిగే ప్రమాదముంది. తగిలించేది కూడా వానజల్లు కొట్టే వెలుపలి గోడకి కాకుండా, రెండు గదుల మధ్య గోడకి.